అరుగు మీది అల్మారా: పిల్లల గ్రంథాలయాల్లో స్త్రీల శ్రమ

వీధిలో పిల్లల కోసం ఒక చిన్న గ్రంథాలయం పెట్టడం అందరూ మెచ్చుకునే పని. అంత సులువుగా మెచ్చుకుంటారు కాబట్టే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "మంచి పని చేస్తున్నావమ్మా" అనేసి ముందుకు వెళ్ళిపోతారు. ఆ పుస్తకాలున్న గది ఎవరి ఇంట్లోది, ఆ సాయంత్రం వంట ఎవరు చేశారు, చిరిగిన పుస్తకానికి అట్ట ఎవరు వేశారు, పుస్తకం తిరిగి తేని పిల్లాడి ఇంటికి ఎవరు వెళ్ళి అడిగారు అన్న ప్రశ్నలు రావు. వస్తే, ఇది గ్రంథాలయ చరిత్రలోకి వస్తుందా ఇంటిచాకిరీ కిందికి వస్తుందా అన్న ఇబ్బంది కూడా వస్తుంది. ఆ ఇబ్బంది గురించే ఈ వ్యాసం.

తెలుగు స్త్రీల పత్రికల మీద డాక్టరేట్ చేస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా వెంటాడిన ప్రశ్న రచయిత్రుల గురించి కాదు, పాఠకురాళ్ళ గురించి. బడికి పోని, చేతిలో కాసు లేని ఆడపిల్ల చేతికి పుస్తకం ఎలా చేరింది? పరిశోధన ముగిసినా ఆ ప్రశ్న ముగియలేదు. 2022 జూన్‌లో హైదరాబాదులో మా ఇంటి అరుగు మీద ఒక పాత అల్మారా పెట్టి, 140 పుస్తకాలు సర్ది, ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీశాను: పేరు, పుస్తకం, తీసుకున్న రోజు, తెచ్చిన రోజు. చందా లేదు, జరిమానా లేదు. బుధవారం, శనివారం సాయంత్రాలు తెరుస్తాం. మా కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. అడిగితే అది ఫంక్షన్లకనీ, మిగతా రోజుల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే అబ్బాయిలకు ఇచ్చామనీ చెప్పారు. పిల్లలకైతే ఇల్లే బాగుంటుంది, ఎలాగూ మీరు ఇంట్లోనే ఉంటారు కదా అని కూడా అన్నారు. నేను ఇంట్లో కూర్చుని చేసే పరిశోధన వాళ్ళ దృష్టిలో 'ఇంట్లోనే ఉండటం'. ఆ ఒక్క వాక్యంలో నాకు పరిశోధనాంశం దొరికింది.

మన గ్రంథాలయోద్యమ చరిత్రను అప్పటినుంచి వేరే కళ్ళతో చదవడం మొదలుపెట్టాను. అది నిజంగా గర్వించదగ్గ చరిత్ర. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది అయ్యంకి వెంకటరమణయ్య 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక నడపడం మొదలుపెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం కేంద్రంగా కాలువల మీద పుస్తకాల పడవ నడిపారు. పుస్తకం దగ్గరికి జనం రాలేకపోతే జనం దగ్గరికే పుస్తకం వెళ్ళాలన్న ఆలోచన మనవాళ్ళకు అంత తొందరగా తట్టింది.

అయితే ఈ చరిత్రలో మనకు కంఠతా వచ్చిన పేర్లు ఒకసారి వరసగా చెప్పుకుని చూడండి. కొమర్రాజు, రావిచెట్టు, అయ్యంకి, గాడిచర్ల, పాతూరి. భాషా నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. ఒక సంసారపు ఇంట్లోకి రోజూ పదిమంది చదువరులు వచ్చి పోతుంటే ఆ ఇంటి ఆడవాళ్ళ రోజు ఎలా మారి ఉంటుంది? వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించిన చేతులకు ఆ పుస్తకాలు అందాయా? ఉద్యమం అన్నాక సభలు, తీర్మానాలు, భవనాలు, పత్రికలు ఉంటాయి. వాటికి రికార్డు ఉంటుంది. ఊడవడానికి, తుడవడానికి, పిల్లల్ని పోగుచేసి కూర్చోబెట్టడానికి మినిట్స్ బుక్కు ఉండదు.

భాషా నిలయం స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క భండారు అచ్చమాంబ. తమ్ముడు ఇంట్లో ఉండి చదువుకుంటూంటే ఆయనతోపాటు తానూ చదువు నేర్చుకున్న మనిషి. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి స్త్రీల చరిత్రకు తెలుగులో దారి వేసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1905లో చనిపోయింది. ఒకే ఇంట్లో అక్కాతమ్ముళ్ళు. తమ్ముడు పెట్టిన సంస్థ గ్రంథాలయోద్యమ చరిత్రలోకి వెళ్ళింది, అక్క పెట్టిన సంస్థ స్త్రీల చరిత్రలోకి వెళ్ళింది. స్త్రీ సమాజాల్లో ఆడవాళ్ళు కూడి చదువుకోవడం, పత్రికలు చేతులు మార్చుకోవడం కూడా పుస్తకాన్ని జనానికి చేర్చే పనే కదా? ఆ రెండు చరిత్రల్నీ ఒకచోట పెట్టి చదివే పని మనకింకా చాలా మిగిలి ఉంది.

పిల్లల విషయానికి వస్తే మనకు వెంటనే గుర్తొచ్చేది న్యాయపతి దంపతులు. ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో మొదలైన 'బాల' పత్రిక, రేడియోలో పిల్లల కార్యక్రమాలు. రాఘవరావు 'రేడియో అన్నయ్య' అయితే కామేశ్వరి 'రేడియో అక్కయ్య'. ఆ పిలుపుల్లో ఎంతో ప్రేమ ఉంది. కానీ పిల్లలతో పనిచేసేవాళ్ళకు మనం ఇచ్చే హోదా బంధుత్వమే అన్నది కూడా గమనించాలి. నన్ను మా వీధిలో 'బుక్కుల ఆంటీ' అంటారు. పిలుపు బాగానే ఉంటుంది. అయితే ఆంటీ చేసే పనికి పనిగంటలుండవు, ఖర్చు ఉండదు, అలసట ఉండదు. బంధుత్వంలోకి చేరిన శ్రమ శ్రమగా కనిపించడం మానేస్తుంది.

ఈ ఆలోచనలతో ఉన్నప్పుడే జపాన్ చరిత్ర వైపు వెళ్ళాను. వెళ్ళడానికి కారణం మా వీధిలో ఆరో తరగతి చదివే పిల్ల అడిగిన ప్రశ్న. మా అల్మారాలో ఎక్కువ చేతులు మారిన పుస్తకం 'రైలుబడి', టెట్సుకో కురొయనాగి రాసిన టోటో చాన్ కథకు తెలుగు. అందులో బడికి కొత్తగా వచ్చిన రైలుపెట్టె గ్రంథాలయం అవుతుంది. "నిజంగనే రైలు డబ్బాల లైబ్రరీ ఉంటదా ఆంటీ?" అని అడిగింది ఆ పిల్ల. వెతికితే మరొకటి కూడా దొరికింది. టోక్యో పక్కన హినో అనే ఊళ్ళో 1966లో మూలకు పడిన ట్రామ్ పెట్టెను పిల్లల గ్రంథాలయంగా మార్చారు. దాని వెనక ఏముందో చూస్తూ పోతే 'బుంకో'ల దగ్గర ఆగాను.

బుంకో అంటే పుస్తకాల కూడిక, చిన్న గ్రంథాలయం. ఇంట్లో పెడితే 'కతేయి బుంకో', వాడవాళ్ళు కలిసి పెట్టుకుంటే 'చిఇకి బుంకో'. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపానులో గ్రంథాలయాలు లేకపోలేదు. 1950లో గ్రంథాలయ చట్టం కూడా వచ్చింది. కానీ పుస్తకాలు అలమరల్లో, అలమరలు తాళాల వెనక. గదుల్లో కూర్చునేది ఎక్కువగా పరీక్షలకు చదివే విద్యార్థులు. ఎనిమిదేళ్ళ పిల్ల నడిచి వెళ్ళి తనకిష్టమైన కథల పుస్తకం ఇంటికి తెచ్చుకునే చోటు దొరకడం కష్టం. ఆ ఖాళీలోకి కొందరు స్త్రీలు తమ ఇళ్ళ తలుపులు తెరిచారు.

'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్'ను జపాన్ భాషలోకి తెచ్చిన మురఓక హనకో 1952లో తన ఇంట్లో పిల్లల గ్రంథాలయం మొదలుపెట్టింది. 1926లో పసివాడుగానే చనిపోయిన కొడుకు మిచియో పేరు దానికి పెట్టుకుంది. 1955లో సెతగయలో త్సుచియ షిగెకో తన ఇంట్లో మరొకటి తెరిచింది. 1958 మార్చి 1న ఒగికుబోలో ఇషీ మొమోకో తన ఇంట్లో 'కత్సుర బుంకో' తెరిచింది. అంతకుముందే, 1957లో, ఇలాంటి స్త్రీలు కలిసి ఇంటి గ్రంథాలయాల అధ్యయన సంఘం ఒకటి పెట్టుకున్నారు. ఎవరింట్లో వాళ్ళు చేసుకునే పనిని నలుగురూ కూర్చుని అధ్యయనం చేయవలసిన పనిగా చూడటం నాకు చాలా పెద్ద అడుగు అనిపిస్తుంది.

వీళ్ళలో ఇషీ మొమోకో కథ మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1907లో పుట్టింది. ప్రచురణ సంస్థల్లో సంపాదకురాలిగా పనిచేసింది. 1940లో 'విన్నీ ద పూ'ను జపాన్ పిల్లలకు ఇచ్చింది. యుద్ధం ముగిశాక మియగి ప్రాంతంలో ఒక పల్లెకు వెళ్ళి వ్యవసాయం చేసింది. 1950 నుంచి ఇవనమి సంస్థ పిల్లల పుస్తకాల పరంపరకు సంపాదకత్వం వహించింది. 1954, 55ల్లో అమెరికా, కెనడా, యూరపు దేశాలు తిరిగి అక్కడి పిల్లల గ్రంథాలయాలను, వాటిని నడిపే స్త్రీలను చూసి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. పిల్లల గ్రంథాలయం అనగానే మనం తెచ్చే 'తల్లి మనసు' అన్న మాట ఈమె దగ్గర పనిచేయదు. పిల్లల పుస్తకాలు వేసే సంపాదకురాలిగా ఆమెకు ఒక సందేహం ఉంది. పెద్దలు మంచివనుకున్న పుస్తకాలను పిల్లలు నిజంగా చదువుతున్నారా? అది తెలియాలంటే పిల్లలు స్వేచ్ఛగా పుస్తకం ఎంచుకునే చోటు ఉండాలి, పక్కన ఒకరు కూర్చుని గమనించాలి. తన ఇంటి ముందుగది ఆమెకు ప్రయోగశాల.

ఏడేళ్ళ గమనికను ఆమె 1965లో 'కొదొమొ నో తోషోకన్', అంటే 'పిల్లల గ్రంథాలయం' అన్న పుస్తకంగా రాసింది. ఏ పిల్ల ఏ వయసులో ఏం తీసుకెళ్ళింది, ఏది మళ్ళీ మళ్ళీ అడిగింది, చదువు ఎలా ముదిరింది అన్నది అందులో నమోదైంది. ఆ పుస్తకం అక్కడితో ఆగలేదు. ఇంటింటా స్త్రీలు ఓపిక పట్టి నడిపితే సరిపోదనీ, ప్రతి పిల్లకూ నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ప్రజాధనంతో నడిచే గ్రంథాలయం ఉండాలనీ వాదించింది. చదివిన ఎంతోమంది గృహిణులు తమ ఇళ్ళలో బుంకోలు పెట్టారు. తర్వాతి దశాబ్దంలో అవి వేల సంఖ్యకు చేరాయి. 1970లో దేశవ్యాప్త సంఘం ఏర్పడింది.

గ్రంథాలయ వ్యవస్థ లోపల కూడా అదే కాలంలో మార్పు వచ్చింది. హినో పట్టణం 1965లో భవనం లేకుండా, పుస్తకాలు నింపిన ఒకే ఒక్క బస్సుతో నగర గ్రంథాలయం మొదలుపెట్టింది. ట్రామ్ పెట్టె ఆ మరుసటి ఏడాది వచ్చింది. పెద్ద భవనం 1973లో. ముందు అప్పు ఇవ్వడం, తర్వాతే గోడలు. 1970లో జపాన్ గ్రంథాలయ సంఘం తెచ్చిన 'సిమిన్ నో తోషోకన్' (పౌరుల గ్రంథాలయం) అనే చిన్న పుస్తకం మూడు పనులకు పెద్దపీట వేసింది: అడిగిన పుస్తకం ఇంటికి ఇవ్వడం, పిల్లలకు సేవ చేయడం, పుస్తకం ఊరి మూలమూలకూ చేరేలా చూడటం. బుంకోలు నడిపే స్త్రీలు తమ పురపాలక సంఘాలకు అర్జీలు పెట్టారు, సమావేశాలకు వెళ్ళారు, గ్రంథాలయాలు కావాలని అడిగారు. 1974లో త్సుచియ షిగెకో నడిపే రెండు బుంకోలు, ఇషీ మొమోకోది, మత్సుఓక క్యోకో 1967లో పెట్టినది, మొత్తం నాలుగు కలిసి 'టోక్యో పిల్లల గ్రంథాలయం' అన్న సంస్థ అయ్యాయి. ఇషీ 2008లో, 101 ఏళ్ళ వయసులో చనిపోయింది. మత్సుఓక 2022లో చనిపోయింది. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఈ చరిత్రను ఆదర్శకథగా చెప్పి ఊరుకుంటే మనం స్త్రీవాదులం కాము. వేల బుంకోలు నడిచిన ఆ రోజుల్లో జపాన్ కుటుంబం ఎలా ఉండేది? భర్త తెల్లారి కంపెనీకి పోతే రాత్రి ఎప్పటికో వచ్చేవాడు. చదువుకున్న భార్య ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉండేది. పగటి గంటలు ఆమె చేతిలో ఉన్నాయంటే జీతం వచ్చే పని ఆమె చేతిలో లేకపోవడం వల్ల. దేశం ఆర్థికంగా పైకెక్కుతూ పిల్లల చదువు బాధ్యతను మాత్రం ఆ స్త్రీల ఒడిలో పెట్టింది. తర్వాత స్త్రీలు ఎక్కువగా ఉద్యోగాలకు వెళ్ళడం, పిల్లలు ట్యూషన్లకు వెళ్ళడం పెరిగాక బుంకోలు తగ్గుముఖం పట్టాయి. అందుకని ఆ స్త్రీలు చేసింది తక్కువ కాదు. తమకు మిగిల్చిన ఇంట్లోంచే బయటికి ఒక దారి తీశారు. ఉచిత శ్రమతో ప్రభుత్వానికి పని తప్పించలేదు, ఆ శ్రమనే సాక్ష్యంగా చూపించి ప్రభుత్వాన్ని నిలదీశారు. సేవకూ హక్కుకూ మధ్య తేడా నాకు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మరి మన దగ్గర? చట్టం విషయంలో మనం వెనకబడి లేము. 1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరం కడుతున్నాం. అద్దెకుండేవాళ్ళ అద్దెలో కూడా ఆ పైసలు కలిసే ఉంటాయి. గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే నవంబరు 14 బాలల దినోత్సవం కూడా. అయినా హైదరాబాదులో పెద్ద గ్రంథాలయాలకు వెళ్ళి చూడండి. పోటీ పరీక్షలకు తయారవుతున్న యువతీయువకులతో కిటకిటలాడుతుంటాయి. వాళ్ళ అవసరం నిజమైనదే, ఉద్యోగాలు లేని చోట ఆ కుర్చీ కూడా ఒక ఆశే. కానీ ఆ కుర్చీల మధ్య ఏడేళ్ళ పిల్ల గట్టిగా ఒక కథ చదువుకోలేదు. 1950ల నాటి జపాన్ గదులు గుర్తొస్తాయి.

మా వీధిలో బుంకో నమూనాను ఉన్నదున్నట్టు దించుకోవడం కుదరదు. ఇక్కడి తల్లులకు పగటి తీరిక లేదు. ఇళ్ళల్లో పనికి వెళ్తారు, బట్టలు కుడతారు, ఆస్పత్రిలో ఆయాలుగా చేస్తారు. అయితే మా అల్మారా ఎవరి సమయం మీద నడుస్తోంది? రెండేళ్ళ తర్వాత నోటుబుక్కు తిరగేస్తే అక్షరాలు నావే కనిపిస్తాయి. కానీ నేను ఊళ్ళో లేని రోజుల్లో దాన్ని తెరిచేది మా అత్తమ్మ. ఆమెకు చదువు రాదు. పుస్తకాల్ని బొమ్మలతో గుర్తుపడుతుంది. "కోతిబొమ్మ బుక్కు మిషన్ కుట్టే ఆమె బిడ్డ తీస్కపోయింది, ఇంక తేలే" అని ఒప్పజెబుతుంది. నేను నోటుబుక్కులో రాసుకుంటాను. రెండో మనిషి ఎనిమిదో తరగతి పిల్ల, చంకలో తమ్ముడితో వస్తుంది. చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించేది ఆమే. నీళ్ళొచ్చే రోజున మధ్యలోనే లేచి పరుగెత్తుతుంది. తనకోసం తీసుకున్న పుస్తకం మాత్రం మూడు వారాలైనా సగంలోనే ఉంటుంది. పన్నెండేళ్ళు దాటాక ఆడపిల్లల పేర్ల పక్కన 'తెచ్చిన రోజు' గడి ఆలస్యమవుతూ పోవడం, తర్వాత పేరే కనబడకపోవడం మా చిన్న నోటుబుక్కు కూడా చెబుతుంది. చదవాలని లేక కాదు. చదివే గంట ఇంటిపనిలోకి పోయింది.

అల్మారాలో ఏ పుస్తకాలుండాలన్నది కూడా తేలిక విషయం కాదు. మా అమ్మ దాచిన మాస్కో తెలుగు పుస్తకాలు పిల్లలకు ఇప్పటికీ నచ్చుతాయి. చందమామ పాత సంచికలూ అంతే, రాజకుమార్తెను బహుమతిగా ఇచ్చే కథలతో సహా. 2008లో అన్వేషి రూపొందించిన పిల్లల కథల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు కథలు ఉన్నాయి. వాటిలో పిల్లలు పనిచేస్తారు, మాంసం కూర తింటారు, అవమానపడతారు, తిరగబడతారు. వాటిని గట్టిగా చదివిన రోజు మా అరుగు మీద పిల్లలు తమ ఇళ్ళ సంగతులు ఒకరి మీద ఒకరు పడి చెప్పుకున్నారు. మిగతా పుస్తకాల్లో ఇల్లు అంటే ఎవరిదో ఇల్లు. అప్పు ఇచ్చే గ్రంథాలయంలో ఒక సుగుణం ఉంది. పిల్ల మాటతో కాదు, చేత్తో చెబుతుంది. ఏ పుస్తకం తీసింది, ఏది పెట్టేసింది. ఇషీ మొమోకో ఏడేళ్ళు కూర్చుని చూసింది అదే.

1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకో పద్ధతి నేర్పింది. తెలంగాణ పోరాటంలో అన్నం వండినవాళ్ళనీ, చీటీలు చేరవేసినవాళ్ళనీ అడిగి రాస్తేనే పోరాట చరిత్ర పూర్తవుతుందని చూపించింది. పిల్లల గ్రంథాలయాలకు కూడా అదే పద్ధతి కావాలి. మన ఊళ్ళలో టీచర్లు, లైబ్రేరియన్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఇంటి ముందుగదిలో పుస్తకాలు పంచిన పెద్దమ్మలు ఎంతోమంది ఉంటారు. వాళ్ళ నోటుబుక్కులు చిత్తుకాగితాల కిందికి పోకముందే అడిగి రాయాలి. సంవత్సరానికి ఎన్ని గంటలు, ఎవరి డబ్బు, ఏ పిల్లలు వచ్చారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు. ఈ పత్రిక పాఠకురాళ్ళలో అలాంటి నోటుబుక్కు ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. అవి ఇంటి కాగితాలు కావు, చరిత్రకు ఆధారాలు.

మేం కూడా మా నోటుబుక్కునే ఆధారంగా పట్టుకున్నాం. నిరుడు నవంబరులో మా వీధి తల్లులు, నానమ్మలు 37 మంది సంతకాలతో, వేలిముద్రలతో మాకు దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి అర్జీ ఇచ్చాం. అడిగినవి మూడే: పిల్లల పుస్తకాల బీరువా తాళం తీయాలి, వారంలో రెండు సాయంత్రాలు ఒక గది పిల్లలకు ఇవ్వాలి, పుస్తకం ఇంటికి ఇవ్వాలి. నోటుబుక్కు జిరాక్సు జతచేశాం. అక్కడున్న ఆమె అర్జీ తీసుకుని, సిబ్బంది తక్కువ, పైవాళ్ళకు పంపుతానంది. కాసేపాగి, "మీ దగ్గర లైబ్రరీ బాగానే నడుస్తున్నట్టుంది కదా, ఇంక ఇది ఎందుకు?" అని అడిగింది. మా అత్తమ్మ చెప్పింది: "నేను పొద్దుగూకులు కూసోలేను బిడ్డా. నీకు జీతం ఇస్తున్నరు కదా, నువ్వు కూసో."

నవ్వకుండా ఉండలేకపోయింది ఆమె. తాళం ఇంకా తీయలేదు. రెండో అర్జీ రాస్తున్నాం.